పగటిచుక్కల హండా

ఆ కొండల్లో వాన మృగశిరకు ఎక్కిందంటే దీపావళి దాకా దిగదు. చేపలు దారి తప్పి పనసచెట్లెక్కుతాయి. కప్పలు ఒళ్లారబెట్టుకోవడానికి అటక మీదికొచ్చి కూర్చుంటాయి. పొద్దున ఎవరినైనా కేకేస్తే ఆ కేక చలికి ముడుచుకుపోయి, మధ్యాహ్నం కాస్త ఎండ తగిలాకే వినిపిస్తుంది. అలాంటి చోట ఇంటి కలిమిని బంగారంతో కొలవరు, వేన్నీళ్లతో కొలుస్తారు. గడపలోకి వచ్చిన చుట్టాన్ని "తిన్నారా" అని తర్వాత అడుగుతారు. ముందు "నీళ్లు పోసుకుంటారా" అంటారు.

ఆ లెక్కన కెరియప్ప ఇల్లు ఊళ్లోకెల్లా కలిగిన ఇల్లు. వాళ్ల స్నానాలకొట్లో మట్టిపొయ్యి మీద, మెడదాకా మట్టి మెత్తి కూర్చోబెట్టిన రాగి హండా ఉంది. కెరియప్ప ముత్తాత దాన్ని కొండ కింది ఊళ్లనుంచి కూలీల చేత మోయించుకొచ్చాడట. దారిలో వాన పట్టుకుంటే కూలీలందరూ, వాళ్ల కుక్కతో సహా, హండాను బోర్లించి దాని కింద దూరి, లోపల్లోపలే బీడీలు కాల్చుకుంటూ కొండెక్కారట. పైన రాగి బుర్ర, అంచుల్లోంచి పొగ, కింద బోలెడు కాళ్లు, మధ్యలో భౌభౌ. చూసి ఊరు ఊరంతా అడవిలో పడింది. కొందరు ఇంకా తిరిగి రాలేదంటారు.

ఆ హండాకి ఇంకో గొప్ప కూడా ఉంది. దీపావళికి ముందు సాయంత్రం అక్కడ నీళ్లు నింపే పండగ. ఆ పూట ప్రతి ఇంట్లో హండాని తోమి, సున్నంతో ఎర్రమన్నుతో గీతలు గీసి, మెడకు అడవి దోసతీగ చుట్టి, బావి నీళ్లు నిండుగా పోసి, లోపల నీటి అంచున సున్నపు బొట్టు పెడతారు. తెల్లవారుజామున మంట పెట్టే ముందు చూస్తే నీళ్లు ఆ బొట్టు దగ్గరే ఉండాలి. తగ్గితే ఆ ఏడాది ఇంట్లో కూడా ఏదో ఒకటి తగ్గుతుందని నమ్మకం. పక్కింటి బర్మప్ప ఇంట్లో ఒకసారి నీళ్లు తగ్గితే ఆ ఏడంతా వాళ్లావిడ మాటలు తగ్గాయి. అది అరిష్టమో అదృష్టమో బర్మప్ప ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాడు. కానీ కెరియప్ప ఇంటి హండాలో మాత్రం మూడు తరాలుగా నీళ్లు వేలెడైనా తగ్గలేదు. ఊళ్లో పిల్ల పెళ్లికి సంబంధం చూసేటప్పుడు కూడా "కెరియప్ప హండాలా నిలకడైన మనిషి" అని వరుడిని పొగుడుతారు.

కెరియప్ప భార్య ద్యావమ్మ రోజూ పొద్దున్నే ఆ హండా కింద మంట పెట్టే మనిషి. ఆవిడకొక్కదానికే ఆ నిలకడ మీద అనుమానం వచ్చింది. ఎండుకట్టెలు పెట్టినా మంట చుయ్యిమంటోంది. బూడిద తీస్తే ముద్దగా వస్తోంది. పోయినేడు ఒక మోపు కట్టెలతో కాగే నీళ్లు ఈ ఏడు రెండు మోపులు మింగినా గోరువెచ్చనే దాటడం లేదు.

ఇంకో ఏడైతే ఆవిడ ఎలాగో నెట్టుకొచ్చేదే. కానీ ఈసారి కూతురు శరావతి పురుటికి వచ్చి, ఆడపిల్లను కని లోపలి గదిలో ఉంది. బాలింతకు నడుం మీద పొగలు కక్కే నీళ్లు పొద్దునా సాయంత్రం గుమ్మరించాలి. మొన్న మూడు చెంబులు పోసేసరికి వేడి అయిపోయింది. శరావతి పళ్లు టకటకలాడించుకుంటూ వెళ్లి కంబళి కప్పుకుంది. ఆ రాత్రంతా నడుం పట్టుకుని మూలిగింది. ఆ మూలుగు ద్యావమ్మ చెవిలోంచి పోవడం లేదు.

"ఇదిగో, హండా కారుతోంది" అంది ద్యావమ్మ మర్నాడు మొగుడితో. "పండగలోపల పొయ్యి పగలగొట్టి బయటికి తీసి చూడాల. అతుకు వేస్తే పోయేదా, మార్చాల్సిందా తేలిపోవాల."

కెరియప్ప చేతిలో వక్క నోటిదాకా వెళ్లి ఆగింది. "మా ముత్తాత హండా కారడమా! మెల్లగా అను. దానికి వినిపిస్తాది."

"వింటే విననీ. నీకన్నా అదే నయం, వింటాది."

కెరియప్ప అక్క హుచ్చమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది. నోరు తెరిస్తే బుట్ట వక్కలు ఒలిచినంత చప్పుడు. "ఏమే ద్యావీ, నువ్వు కాపురానికి రాకముందు నుంచి చూస్తాండా దాన్ని. పండగ తెల్లారి ఎన్నడన్నా బొట్టు దిగిందా? నీకు మంట ఊదడం చేతగాక రాగిని తిడతావా?"

"చేతగాకపోతే పాతికేళ్లుగా నీ వీపు తోమిన వేన్నీళ్లు యాడనుంచి వచ్చినాయి వదినా?"

"మరమ్మతు కావాలంటే నేను చేస్తా కదా" అన్నాడు కెరియప్ప, గొడవ తనవైపు రాకుండా. అతని మరమ్మతు ఊరికంతా తెలుసు. నాలుగేళ్ల కింద హండా అడుగున చెమ్మ కనబడిందని ఎవరికీ చెప్పకుండా ఉలవపిండి, పనస జిగురు కలిపి లోపల మెత్తాడు. చెమ్మ ఆగిందో లేదో గాని, ఆ నెలంతా ఇంట్లోవాళ్లు స్నానం చేసి బయటికొస్తే గేదెలు తాళ్లు తెంపుకుని వెంటబడి నాకేవి. బర్మప్ప అయితే ఆ నీళ్లు చెంబుడు పట్టుకెళ్లి ఉప్పేసి చారు కాచుకున్నానని చెప్పుకుంటాడు.

"నీ మరమ్మతుతో కడుపు నిండుతాది గాని నడుం కాగదు" అంది ద్యావమ్మ. "అల్లుడు నీళ్లు కాచే కరెంటు కాయిలు పంపిస్తానన్నాడు. వాన పడితే కరెంటు పోతాది. ఈడ వాన ఎప్పుడు పడదో చెప్పు, అప్పుడు తెచ్చుకుందాం. నాకు ఈ హండా సంగతి తేలాల. పండగ నీళ్లు నింపినాక మళ్లీ ఏడాది దాకా పొయ్యి పగలగొట్టనియ్యరు మీరు. ఆ బిడ్డ ఏడాదంతా గోరువెచ్చని నీళ్లలో వణకాలనా?"

"సరే, పందెం" అంది హుచ్చమ్మ. "ఇయ్యాల నింపు. బొట్టు పెట్టు. తెల్లారి చూద్దాం."

ద్యావమ్మ నింపింది. బావి నుంచి తనే తోడి, తనే పోసి, నీటి అంచున సున్నపు బొట్టు పెట్టి, మూత వేసి పడుకుంది.

తెల్లారి ముగ్గురూ వెళ్లి మూత తీశారు. బొట్టు కనబడలేదు. కెరియప్ప దీపం దగ్గరగా పట్టాడు. బొట్టు నీళ్ల కింద ఉంది, రెండు వేళ్ల లోతులో.

తగ్గలేదు సరికదా, పెరిగాయి!

కెరియప్ప నోరు తెరుచుకుంది. హుచ్చమ్మ నోరు జన్మలో మొదటిసారి మూసుకుంది. సరిగ్గా అప్పుడే నిప్పు అడుక్కోవడానికి వచ్చిన బర్మప్ప తొంగిచూసి, "అమ్మో! గంగమ్మ పైకొచ్చింది!" అని గావుకేక పెట్టి, అడిగిన నిప్పు కూడా తీసుకోకుండా ఊళ్లోకి పరిగెత్తాడు.

ఆ కేక వెళ్లిన వేగానికి వాన కూడా పక్కకు తప్పుకుంది. రెండు వేళ్ల నీళ్లు పై వీధికి చేరేసరికి మూరెడయ్యాయి. చెరువు దాటేసరికి హండా పొంగి పెరట్లో కాలవ పారుతోందన్నారు. ఏటి అవతలి ఊళ్లోనైతే కెరియప్ప ఇంటిల్లిపాదీ అటక మీద ఉన్నారని పడవ కూడా బయలుదేరదీశారు. పొద్దెక్కేసరికి స్నానాలకొట్టు నిండా జనం. ఒకామె కర్పూరం వెలిగించింది. ఒకాయన కొబ్బరికాయ కొట్టాడు. ఇంకొకామె చూడి ఆవుకు పోయాలని చెంబు చాచింది.

"చూస్తివా?" అన్నాడు కెరియప్ప. గొంతులో గర్వం ఉంది గాని, కళ్లు ఎందుకో భార్య కళ్లకు దొరకడం లేదు. "ఇంక పొయ్యి పగలగొట్టే మాట ఎత్తొద్దు. దేవతను ఎవరన్నా గునపంతో పొడుస్తారా?"

ద్యావమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని హండాని కాసేపు చూసింది. కారే గిన్నెలో నీళ్లు తగ్గుతాయి. గట్టి గిన్నెలో అలాగే ఉంటాయి. పెరిగే గిన్నె ఏ కంచరి కొట్లోనూ దొరకదు. లోపలి గదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆవిడ పళ్లు బిగించింది.

"మంచిది" అంది గట్టిగా, అందరికీ వినబడేట్టు. "గంగమ్మ మాయింటికి వచ్చిందంటే మా భాగ్యం. వచ్చినామె మొహం చాటేసి ఎందుకు పెరగాల? ఇయ్యాల పగలంతా మీ అందరి ముందరే పెరగనీ. పోవద్దు ఎవరూ. ఒలవాల్సిన వక్కలు ఎట్లాగూ ఉండాయి, మీ కత్తిపీటలు తెచ్చుకోండి. మాయింటి వక్కలే ఒలుస్తా ఒలుస్తా చూడండి."

ఊరి జనానికి అద్భుతం చూడటమంటే ఇష్టమే. కూర్చుని చూడటమంటే మరీ ఇష్టం. కత్తిపీటలు వచ్చాయి. స్నానాలకొట్టు ఎదురుగా వక్క బుట్టలు పెట్టుకుని అందరూ వరసగా కూర్చున్నారు. ద్యావమ్మ గడప మీద పీట వేసుకుంది. అంతకుముందు మూడు పనులు చేసింది. నీళ్ల అంచున కొత్త బొట్టు పెట్టింది. హండాకి మూత బిగించింది. పొయ్యిలో బూడిదంతా గీకి తీసేసి, అడుగున ఒక ఎండిన వక్కపట్ట, వక్కచెట్టు రాల్చిన మట్ట, పరిచింది.

"మంట పెట్టవా?" అన్నాడు బర్మప్ప.

"పెడితే ఆవిరైపోయింది అంటావు. నీకు ఆ దారి కూడా ఉంచను మావా. బిడ్డకు నీళ్లు వంటింట్లో కుండల్లో కాచుకున్యా."

"మరి ఆ వక్కపట్ట ఎందుకు?"

"దేవత కాళ్ల కింద ఏమన్నా మెత్తగా ఉండద్దా?"

కాసేపు వక్కలు ఒలిచే చప్పుడే. తర్వాత, మాటల మధ్య సందు దొరికినప్పుడు, పొయ్యిలోంచి ఒక చప్పుడు వచ్చింది.

టప్.

ఎవరూ పట్టించుకోలేదు. ఎండు వక్కపట్ట తప్పెట లాంటిది, చీమ నడిచినా చెబుతుంది. మళ్లీ టప్. ఇంకాసేపటికి టప్, టప్. ఒలిచే చేతులు ఒక్కొక్కటే ఆగాయి. కెరియప్ప గట్టిగా దగ్గాడు. చప్పుడు వచ్చినప్పుడల్లా దగ్గాడు. చివరికి దగ్గలేక గొంతు పోయింది గాని, చప్పుడు పోలేదు.

"అది తొండ అయ్యుంటాది" అన్నాడు బొంగురుగా.

"తొండా? లోపల పెళ్లి చేసుకుంటాందా, అన్ని మద్దెళ్లు కొట్టించుకుంటాంది?" అంది ఆవు గల ఆవిడ, చాచిన చెంబు మెల్లగా వెనక్కి తీసుకుంటూ.

పొద్దు వాలాక ద్యావమ్మ లేచి మూత తీసింది. బొట్టు పైన ఎక్కడో ఉంది. నీళ్లు జానెడు కింద ఉన్నాయి.

"గంగమ్మకు కోపమొచ్చినట్టుంది" అన్నాడు బర్మప్ప నీరసంగా.

"కోపం రాలేదు మావా. బిందె రాలేదు" అంది ద్యావమ్మ. "పొద్దుటి నుంచి ఈ గడప మీద నేను కూర్చున్యా గదా, ఆమెకు బిందె తెచ్చేవాళ్లు ఎట్లా వస్తారు? చెప్పండి. నిన్న పోసింది ఎవరు?"

అందరూ అందరి వైపూ చూశారు. హుచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు ఎంతసేపు ఆపుతుంది ఆ నోటిని!

"ఒక్క బిందె! ఒక్కటే పోస్తిని! మాయమ్మ పోయేటప్పుడు నా చేత ఒట్టేయించుకుంది, ఇంటి నీళ్లు తగ్గనియ్యద్దని. ఏటా పండగకి తెల్లారకముందే లేచి ఒక్క బిందె..."

"నువ్వూనా అక్కా?" అన్నాడు కెరియప్ప, నోరు జారి.

జనం గొల్లుమన్నారు. కెరియప్ప తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఏటా పండగకి అతనూ ఒక బిందె పోస్తున్నాడు. అక్కకు తెలియకుండా తమ్ముడు, తమ్ముడికి తెలియకుండా అక్క. వాళ్లకు ముందు వాళ్లమ్మ. బహుశా ఆమెకు ముందు ఆమె అత్త. కట్టెలు అడవి నుంచి, నీళ్లు బావి నుంచి, పరువు బిందెల్లోంచి వచ్చేది ఆ ఇంటికి. అందుకే ఒక్క బొట్టు తగ్గలేదు మూడు తరాలు.

"రెండు బిందెలకు ఇంత పెరగవే" అంది ద్యావమ్మ, గోడకు ఆనుకుని లెక్క చూసుకుంటూ.

అప్పుడు లోపలి గది తలుపు వారగా తెరుచుకుంది. తలకు గుడ్డ కట్టుకుని, బిడ్డను ఎత్తుకుని శరావతి నిలబడింది. "నేనూ పోసినా అమ్మా. చెంబులతో."

నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపేశారు.

"బాలింతవు నువ్వు! చన్నీళ్లలో చెయ్యి పెడితివా?" అంది ద్యావమ్మ. "నీకేం పనే దీనితో?"

"నీళ్లు తగ్గినాయంటే పాప వచ్చిన వేళ అంటారని" అంది శరావతి. ఎవరి వైపూ చూడలేదు. బిడ్డ నెత్తిన టోపీ సర్దింది. "అత్తా నాన్నా గుసగుసలాడుకుంటాంటే వింటిని. తగ్గితే ఏం తగ్గుతాదో అని. పాప మీద పడుతుందేమోనని..."

హుచ్చమ్మ లేచి వెళ్లి, మేనకోడలి చేతిలోంచి బిడ్డను తీసుకుని గుండెకు హత్తుకుంది. కెరియప్ప తలపాగా మళ్లీ చుట్టుకోవడం మరిచిపోయాడు.

ద్యావమ్మ మూలనున్న గునపం తీసుకుంది. కొంగు బిగించి దోపుకుంది. మూడు తరాల మట్టి మీద మొదటి పోటు పడింది.

"పాప వేళ కాదు, ఇది మట్టి వేళ" అంది రెండో పోటుకి. "అడ్డం రాకండి ఎవరూ."

అడ్డం ఎవరూ రాలేదు. పైగా మూడో పోటుకి కెరియప్పే పార తెచ్చాడు. నీళ్లు తోడేసి, మట్టి విప్పి, పదిమంది పట్టుకుని లాగితే హండా బుడుంగుమని ఊడివచ్చింది. ఊడిన చోట ఇంత గొయ్యి కనబడింది. బర్మప్ప తొంగిచూసి, అడుగున ఉన్న నీళ్లలో తన మొహం చూసుకుని, "ఎవరో ముసలాయన ఉన్నాడు లోపల" అన్నాడు.

మర్నాడు, దేవుడు దయ తలిచి, ఎండ కాసింది. పట్నం నుంచి కంచరి వాసప్ప వచ్చాడు. హండా చుట్టూ ప్రదక్షిణం చేసి, అడుగున చేతి మందాన పేరుకున్న మసి మీద చెయ్యి వేసి, తల పంకించాడు. "మంచి సరుకమ్మా. ఈడ ఒక అతుకు, ఆడ ఒక అతుకు వేస్తే ఇంకో ఏడు వస్తాది. మళ్లీ ఏడు మళ్లీ వేస్తా."

"ఆ తర్వాత ఏడు?"

"అప్పుడూ నేనుంటా కదమ్మా."

"నువ్వుంటావు. హండా ఉండాలగా. మసి గీకు."

"మసి గీకకూడదమ్మా. మసి ఉంటేనే..."

"గీకు అంటాండా."

వాసప్ప గీకాడు. గీకినకొద్దీ అతని మొహం మారింది. ద్యావమ్మ హండాను ఎండలో బోర్లించమని చెప్పి, అంచు కింద రాళ్లు పెట్టించి, వంగి, తల భుజాలు లోపలికి దూర్చింది. లోపల చీకటి. ఆ చీకట్లో చుక్కలు! ఒకటి కాదు, రెండు కాదు. అడుగంతా చుక్కలు. కార్తీకంలో మబ్బు విడిచిన ఆకాశంలా మిలమిలలాడుతున్నాయి.

బయటికి రాకుండానే కేకేసింది. గొంతు గుడిగంటలా మోగింది. "రండి, ఒక్కొక్కరు వచ్చి చూడండి! మన ముత్తాత పగలే చుక్కలు చూపిస్తాన్నాడు."

కెరియప్ప దూరి చూశాడు. హుచ్చమ్మ దూరి చూసి, అలవాటు కొద్దీ దండం పెట్టింది. బర్మప్ప దూరినవాడు ఎంతసేపటికీ రాలేదు. ధ్రువనక్షత్రం ఎటుందో వెతుకుతున్నానన్నాడు.

"ఒక్క చిల్లు, ఒక్క చుక్క ఉంటే అతుకు వేయిస్తును" అంది ద్యావమ్మ వాసప్పతో. "రెండు మూడు ఒక పక్కన ఉన్నా వేయిస్తును. మెడ దగ్గర అతుకు విడిస్తే లోహం కరిగించి పోయమందును. ఇది ఆకాశం. ఆకాశానికి అతుకు ఎవరు వేస్తారు?" బొటనవేలితో అడుగు మీద నొక్కింది. రాగి అప్పడంలా చిట్లి, వేలు లోపలికి దిగింది. "ఇన్నాళ్లూ దీన్ని నిలబెట్టింది రాగి కాదు, మసి."

వాసప్ప అతుకు సామాన్ల సంచి మూతి కట్టుకున్నాడు.

"ఒక్క చుక్కప్పుడే చూసుంటే గోరంత పని" అంది ద్యావమ్మ, ఈసారి మొగుడి వైపు, ఆడబిడ్డ వైపు చూస్తూ. "మీరు దొంగచాటుగా పోసిన నీళ్లు యాడికి పోయినాయి? కింద బూడిదలోకి. తడిసిన బూడిద రాగిని నమిలి తినేసింది. మీ బిందెలే తినేసినాయి మీ ముత్తాతను."

"తిట్టు. ఎంత తిట్టినా పడతాం" అన్నాడు కెరియప్ప. హండా మెడ మీద చెయ్యి వేసి నిమిరాడు. "కానీ దీన్ని కరిగించడానికి ఇయ్యలేను ద్యావీ. అది ఒక్కటి అడగద్దు."

ఆవిడ మెడ దగ్గర వేలితో కొట్టింది. ఖంగుమంది. నడుం దగ్గర కొట్టింది. బద్దలైన కుండలా బొంగురుగా మూలిగింది. "మెడ బాగుంది. మెడదాకా కోసి ఇయ్యి వాసప్పా, ఇంట్లో ఉంటాది. కిందిది తీసుకుపోయి కొత్తదానిలో కలుపు. ముత్తాత పైన సగం ఈడ, కింద సగం కొత్త హండాలో. ఇద్దరికీ న్యాయం."

కెరియప్ప ఆలోచించి, ఇది తను గెలిచినట్టో ఓడినట్టో అర్థం కాక, సరేనన్నాడు.

పండగ ముందురోజుకి కొత్త హండా వచ్చింది. పాతదంత పెద్దది కాదు. కుక్క పట్టదు దాంట్లో. ద్యావమ్మ పుట్టమన్ను తొక్కి, ఊకతో కలిపి, కొత్త పొయ్యి తన చేత్తోనే మెత్తింది. బూడిద లాగడానికి వెనక పెద్ద కంత వదిలింది. "వారానికోసారి ఈ కంతలో చెయ్యి పెట్టి చూడాల. తడి తగిలితే ఆ రోజే నాకు చెప్పాల. దాచినోళ్లకి ఏడాదంతా చన్నీళ్లే" అని శాసనం చేసింది. సాయంత్రం గీతలు గీసి, దోసతీగ చుట్టి, నీళ్లు నింపింది. బొట్టు హుచ్చమ్మ చేత పెట్టించింది.

తెల్లవారుజామున ద్యావమ్మ దీపం పట్టుకుని స్నానాలకొట్టుకి వచ్చేసరికి గడప దగ్గర ఒక ఆకారం నిలబడి ఉంది. కెరియప్ప. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏముంది వెనకాల?"

"ఏం లేదు."

"ఏం లేనిది నీళ్లు కారుతాందే."

కెరియప్ప బిందె ముందుకు తెచ్చాడు. "అలవాటు ద్యావీ. కాళ్లు వాటంతట అవే బావికి పోయినాయి. పోయలేదు. ఒట్టు. తలుపు దాటలేదు."

ద్యావమ్మ మూత తీసింది. దీపం దించింది. హుచ్చమ్మ పెట్టిన బొట్టు, నీళ్ల అంచు, రెండూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉన్నాయి. కంతలో చెయ్యి పెట్టి చూసింది. పొడి. చెయ్యి బయటికి తీసి మొగుడి బుగ్గకు ఆనించింది, అతనూ చూడాలి కదా అని.

"ఆ బిందె అట్లే ఉంచు" అంది. "కాగినాక చన్నీళ్లు కలపకుంటే తోలు ఊడిపోతాది. ఇయ్యాల మన హండాకి అంత వేడి ఉంటాది."

మంట చుయ్యిమనలేదు. ఒకటే మోపు కట్టెలకు నీళ్లు కళపెళ ఉడికాయి. శరావతి వీపు మీద మొదటి చెంబు పడగానే "అమ్మా, కాలుతాంది!" అని కెవ్వుమంది. ఆ మాట విని ద్యావమ్మ ఎంత మురిసిపోయిందంటే రెండో చెంబు ఇంకాస్త పైనుంచి పోసింది. ఆవిరి గూనపెంకుల సందుల్లోంచి పైకి లేచి, కొండ మీది మబ్బుకు తగిలి, ఆ ఏటి వానను అక్కడితో ఆపేసిందంటారు. బయట పెరట్లో, ముత్తాత రాగి మెడలో కొత్తగా కాపురం పెట్టిన పెట్టకోడి ఆ కేకకు ఉలిక్కిపడి గుడ్డు పెట్టింది. హుచ్చమ్మ ఒళ్లో నూనె రాయించుకుని వంతు కోసం చూస్తున్న పాప, ఇంకా తడవని కాళ్లు రెండూ గాల్లో ఆడిస్తూ, ఆవిరి వైపు చూసి నవ్వింది.